న్యాయ సలహా: ప్రేమాభిమానాలతో రాసిచ్చిన ఇల్లు

ప్రశ్న: నా వయసు 72. మావారు పోయాక, 2021లో బ్రాడీపేట ఇంటిని చిన్నబ్బాయి పేర దాన సెటిల్‌మెంట్ రాసిచ్చాను. బతికినంత కాలం చూసుకుంటానని వాడు అదే రోజు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి సంతకం పెట్టాడు. మా తమ్ముడు, ఎదురింటాయన సాక్షులు. ఇప్పుడేమో విజయవాడలో అక్క దగ్గరికి పొమ్మంటున్నాడు. మందులకూ డబ్బివ్వడు. దస్తావేజులో షరతు లేదు కనుక ఇల్లు తిరిగి రాదంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ స్టాంపు పేపరు భద్రం చేసుకోండి. రాజీ చేస్తామని వచ్చే పెద్దమనుషులకు జిరాక్సు ఇవ్వండి, అసలు ఇవ్వకండి. ల్యామినేషన్ వద్దు. రేపు ఆ సంతకం తనది కాదని అబ్బాయి అంటే పరీక్షకు పంపాల్సి వస్తుంది.

మీవాళ్లు చెప్పింది గాలిమాటేం కాదు. ‘నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత’ అని రాయనిదే మన దస్తావేజు లేఖరులకు కలం కదలదు. సంతకం పెట్టేటప్పుడు కళ్లు చెమరుస్తాయి కానీ, కేసు దగ్గరికొచ్చేసరికి ఆ వాక్యమే అడ్డం తిరుగుతుంది. 2007 నాటి వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండాలి. ఆ షరతు తప్పితేనే దస్తావేజు చెల్లదని ఆ చట్టం కింద ఏర్పాటైన ట్రైబ్యునల్ ప్రకటించగలదు. ప్రేమతో ఇచ్చేవాళ్లు చాలాసార్లు ఏమీ ఆశించకుండానే ఇస్తారనీ, షరతు ఉందని రుజువు చేయాల్సిందేననీ 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ అభయ్ ఓకా ఇచ్చిన తీర్పది. కన్నతల్లి దస్తావేజులో షరతులు రాయించుకుంటుందా అని నాకనిపిస్తుంది, అది వేరే సంగతి.

మీకు ధైర్యమిచ్చేది 2025 జనవరి 2 నాటి తీర్పు. మధ్యప్రదేశ్‌లోని ఛత్తర్‌పుర్‌లో ఒక తల్లి 2019లో కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసింది. చూసుకుంటానని అతను అదే రోజు విడిగా హామీ పత్రం రాశాడు. తర్వాత అది దొంగ కాగితమన్నాడు. డీడ్‌లో షరతు లేదని హైకోర్టు డివిజన్ బెంచ్ అతని వైపే మొగ్గింది. జస్టిస్ సి.టి. రవికుమార్, జస్టిస్ సంజయ్ కరోల్ ఆ తీర్పు కొట్టేశారు. ఒకే రోజు రాసిన రెండు కాగితాలనూ కలిపి చదవాలన్నారు. ఫిబ్రవరి 28లోగా ఇల్లు తల్లికి అప్పగించమన్నారు. మీ కథా దాదాపు ఇదే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు, ఈసీ (ఆ ఇంటి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీసుకోండి. అబ్బాయి ఇల్లు తాకట్టు పెట్టాడేమో ఈసీలో తెలుస్తుంది. ఆ కాగితాలతో గుంటూరు ఆర్డీవో దగ్గరున్న ట్రైబ్యునల్‌లో అర్జీ పెట్టండి. ఇంటితోపాటు నెలవారీ మనోవర్తి కూడా అడగండి, చట్టంలో గరిష్ఠం 10,000 రూపాయలు. మీ తమ్ముడు, ఎదురింటాయన వచ్చి చెబితే కేసు గట్టిపడుతుంది. కోడలు అదే ఇంట్లో ఉంటే గృహహింస చట్టం కింద తన నివాస హక్కు లేవనెత్తవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. మీరు మాత్రం తేలేదాకా ఇల్లు ఖాళీ చేయకండి.

ప్రశ్న: మా ఫ్లాట్ అమ్మాయికి ఇవ్వాలనుకుంటున్నాం. ఎలా రాయించాలి?
– ఒక దంపతులు, పటమట, విజయవాడ

జవాబు: తొందరేం లేకపోతే వీలునామా రాయండి. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇప్పుడే ఇవ్వాలంటే, ఇద్దరిలో ఎవరు మిగిలినా జీవితాంతం ఫ్లాటులో ఉండే హక్కు, తిండి, వైద్యం ఖర్చు అమ్మాయే చూడాలనే షరతు దస్తావేజులోనే రాయించండి. లేఖరి ‘అవన్నీ ఎందుకండీ’ అంటాడు. వినకండి.