స్టాండులో ఫోన్ పెట్టి మ్యాప్ చూస్తే సెల్‌ఫోన్ డ్రైవింగ్ చలానా వేయొచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాను. ఫోన్ ఎప్పుడూ హ్యాండిల్‌కి బిగించిన స్టాండులోనే ఉంటుంది, దారి కోసం మ్యాప్ చూస్తాను. మొన్న సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కొత్త ఆర్డర్ వస్తే స్క్రీన్ మీద ఒకసారి నొక్కాను. పక్కనుంచి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఫోటో తీశాడు, బండి తాళం లాక్కున్నాడు, ఫోన్ అన్‌లాక్ చేసి కాల్ లిస్టు చూపించమన్నాడు. సాయంత్రానికి సెల్‌ఫోన్ డ్రైవింగ్ అని వెయ్యి రూపాయల చలానా వచ్చింది. ఫ్రెండ్స్ వెయ్యే కదా కట్టేయమంటున్నారు, ఇంకొకరు డిస్కౌంట్ ఇచ్చేదాకా ఆగమంటున్నారు. కడితే లైసెన్సు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు చెప్పేది ఒకటే, వెయ్యే కదా అని ఆలోచించకుండా కట్టేయకండి. కట్టొద్దని కాదు, కడితే ఏమవుతుందో తెలుసుకుని కట్టండి. బండి నడిపితేనే మీకు పూట గడుస్తుంది కాబట్టి వెయ్యి కంటే లైసెన్సు విలువ మీకు చాలా ఎక్కువ.

మీ మీద వేసింది మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్. అది అసలు ప్రమాదకరంగా నడపడం గురించి. 2019 సవరణలో (ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది) ఏయే పనులు ప్రమాదకర డ్రైవింగ్ అవుతాయో వివరంగా రాశారు, రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్లో వెళ్లడం లాంటి వాటితో పాటు చేత్తో వాడే ఫోన్ లాంటి పరికరాలను నడుపుతూ వాడటం కూడా అందులో ఉంది. మొదటిసారి తప్పుకి ఆరు నెలలకు తక్కువ కాకుండా ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. జైలు అనగానే కంగారు పడకండి, "లేదా" ఉంది కాబట్టి జరిమానాతో సరిపెట్టొచ్చు, మీకు వచ్చిన వెయ్యి చట్టం చెప్పిన కనీస మొత్తం. కానీ మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

చలానా కట్టడాన్ని చట్టం కాంపౌండింగ్ అంటుంది, అంటే కోర్టు దాకా వెళ్లకుండా డబ్బు కట్టి కేసు ముగించుకోవడం. 200వ సెక్షన్ ప్రకారం 184 కింద ఇలా ముగించుకునే వీలు ఫోన్ వాడకానికి మాత్రమే ఉంది, మిగతా ప్రమాదకర డ్రైవింగ్‌కి లేదు. అయితే అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, చాలామంది అది చదవరు: డబ్బు కట్టి ముగించుకున్నా, తర్వాత మళ్లీ దొరికితే దీన్ని మొదటి తప్పుగానే లెక్కేస్తారు. లైసెన్సు మీద చర్య కూడా డబ్బు కట్టినంత మాత్రాన ఆగదు. అందుకే తప్పు నిజంగా మీది కాకపోతే ఊరికే కట్టేయడం మంచిది కాదు. డిస్కౌంట్ కోసం ఆగడం కూడా ఇలాంటిదే. తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో పెండింగ్ చలానాల మీద భారీ రాయితీలు ఇచ్చారు, నిజమే. కానీ మొత్తం తగ్గుతుందే గానీ మీ పేరు మీద తప్పు చేసినట్టుగా ఉన్న రికార్డు చెరిగిపోదు.

ఇక మీరు తప్పు చేశారా లేదా అన్నది చూద్దాం. మ్యాప్ విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల సవరణ ప్రకారం, నడిపేటప్పుడు ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రం వాడుకోవచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. స్టాండులో పెట్టి మ్యాప్ చూస్తున్నందుకే చలానా వేసి ఉంటే అది నిలబడదని నా అభిప్రాయం.

కానీ ఆర్డర్ నొక్కిన సంగతి దగ్గర మీ వాదన బలహీనం, ఇది మీకు నచ్చకపోయినా చెప్పాలి. ఆర్డర్ తీసుకోవడం దారి చూసుకోవడం కాదు కదా. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను అంటారు, చట్టంలో సిగ్నల్ దగ్గర ఆగిన బండికి మినహాయింపు ఎక్కడా రాయలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండి, గ్రీన్ పడగానే కదలాల్సిన మనిషి నడుపుతున్నట్టే అని పోలీసులు అంటారు, మేజిస్ట్రేటూ అలా అనుకునే అవకాశం ఉంది. మీ వైపు వాదించడానికి ఉన్నది ఏంటంటే ఫోన్ చేతిలో లేదు, స్టాండులో ఉంది, చట్టం చెప్పింది చేత్తో పట్టుకుని వాడే పరికరం గురించి. ఇది పనికిరాని వాదన కాదు, అలాగని గెలుస్తుందని మీకు మాటిస్తే అది మోసం.

అందుకే అంతా ఫోటో మీద ఆధారపడుతుంది. చలానాతో పాటు వచ్చిన ఫోటోని డౌన్‌లోడ్ చేసి పెద్దది చేసి చూడండి. ఫోన్ స్టాండులో ఉందని, మీ చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయని కనిపిస్తుంటే అభ్యంతరం పెట్టండి. వేలు స్క్రీన్ మీద ఉంటే లాయర్ ఫీజు పెట్టి కోర్టు చుట్టూ తిరిగే బదులు కట్టేయడమే నయం, మూడేళ్లు జాగ్రత్తగా ఉండండి. అభ్యంతరం పెట్టాలనుకుంటే నోటి మాటగా స్టేషన్‌కి వెళ్లి బతిమాలడం కాదు, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా పెట్టండి: చలానా నంబర్, తేదీ, సమయం, చోటు, స్టాండు ఫోటో, ఆ నిమిషంలో కాల్ ఏదీ లేదని చూపించే మీ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్. ఇచ్చిన కాగితం కాపీ మీద స్టాంపు వేయించుకోండి. జరగనిది రాయకండి, స్క్రీన్ ముట్టుకోలేదని రాసి ఫోటోలో వేలు కనిపిస్తే మీరు చెప్పే మిగతా నిజం కూడా ఎవరూ నమ్మరు. వాళ్లు ఒప్పుకోకపోతే చలానా కట్టకుండా కోర్టులో తేల్చుకునే హక్కు మీకుంది.

తాళం, ఫోన్ గురించి. బండిని ఎప్పుడు ఆపి ఉంచుకోవచ్చో 207వ సెక్షన్‌లో ఉంది: లైసెన్సు లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లాంటివి. ఫోన్ వాడటం ఆ జాబితాలో లేదు. నడిరోడ్డు మీద తాళం లాక్కోమని చట్టం ఎక్కడా చెప్పలేదు. కాల్ లిస్టు చూసే అధికారం కూడా ట్రాఫిక్ తనిఖీలో వాళ్లకి లేదు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం తేల్చింది. అడిగినప్పుడు లైసెన్సు, బండి కాగితాలు చూపించండి, ఫోన్ మాత్రం ఇవ్వనని మర్యాదగా చెప్పండి, గొంతు పెంచొద్దు. ఒక్క సందర్భం వేరు: యాక్సిడెంట్ జరిగి ఎవరైనా గాయపడినా చనిపోయినా దర్యాప్తులో ఫోన్ స్వాధీనం చేసుకుంటారు, కంపెనీ నుంచి కాల్ వివరాలు తెప్పిస్తారు. నిర్లక్ష్యంగా నడపడం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. ఆ సమయంలో ఫోన్ మాట్లాడుతున్నట్టు రికార్డు బయటపడితే నిర్లక్ష్యం లేదని వాదించడం మా లాయర్ల వల్ల కూడా కాదు.

మీ డెలివరీ వాళ్లలో చాలామంది ఫోన్ హెల్మెట్‌లో ఇరికించి మాట్లాడుతూ వెళ్తారు, చేతిలో లేదు కదా అన్న ధైర్యంతో. దయచేసి ఆ పని చేయకండి. జాగ్రత్తగల డ్రైవర్ ఎవరూ నడపని తీరులో నడపడం కూడా 184లో ఒక తప్పే, పోలీసులు దాని కింద పెడితే ఇందాక చెప్పినట్టు చలానా కట్టి ముగించుకునే దారి ఉండదు, కోర్టుకే వెళ్లాలి. పైగా చెవి మూసుకుపోయి వెనక లారీ హారన్ వినపడదు. (ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే 20 వేలు జరిమానా అని 2023లో ఏపీలో వాట్సాప్‌లో తిరిగింది, అది నిజం కాదని రవాణా శాఖే చెప్పింది.)

చివరగా లైసెన్సు. ఒక్క చలానా కడితే లైసెన్సు దానంతట అది పోదు. కానీ నడుపుతూ ఫోన్ వాడటం కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 21వ నిబంధన కింద లైసెన్సు సస్పెండ్ చేయదగిన తప్పు, రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. 206వ సెక్షన్ ప్రకారం పోలీసులు అక్కడికక్కడే లైసెన్సు తీసుకుని ఆర్టీఓకి పంపొచ్చు, తీసుకుంటే రసీదు ఇవ్వాలి, ఆ రసీదుతో బండి నడపడానికి వీల్లేదు. మీ లైసెన్సు మీ దగ్గరే ఉంది కాబట్టి ప్రస్తుతానికి ఆ భయం లేదు. ఆర్టీఓ ఆఫీసు నుంచి నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి. 19వ సెక్షన్ ప్రకారం మీ మాట వినకుండా లైసెన్సు మీద చర్య తీసుకోకూడదు, తీసుకున్నా ఆర్డరు చేతికి అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. ఆ గడువు దాటితే సాయం చేయడం ఏ లాయర్‌కైనా కష్టం.