స్పిరిట్ సీసా మూత తీసే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

డీఎస్సీలో నీకు జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బడి తెరిచిన మొదటి వారంలోనే తొమ్మిదో తరగతి పిల్లల చేత ఆకులో పిండిపదార్థ పరీక్ష చేయిస్తానన్నావని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి గర్వంతోపాటు దిగులూ పట్టుకుంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెబుతాను. కవర్ స్లిప్పును ఏటవాలుగా దించితే ఉల్లిపొర మీద గాలి బుడగలు రావు. పటం గీసేటప్పుడు పుస్తకంలోది కాకుండా కంటికి కనిపించినదే గీయమను. పరీక్షకు మందార ఆకు లాంటి పలుచనిది ఎంచుకో. ముందుగా కుండీని రెండు రోజులు చీకట్లో ఉంచి, తరువాత మంచి ఎండలో పెట్టు. జూన్‌లో మబ్బు పట్టిన రోజున మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకు.

నా భయమల్లా ఆకులోని పచ్చదనాన్ని తీయడానికి వాడే స్పిరిట్ గురించే. నేను పనిచేసిన ఒక బడిలో తోటి మాస్టారు ఒకరు ఆకు వేసిన స్పిరిట్ బీకరును నేరుగా మంట మీద పెట్టారు. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక బల్ల మీదుగా పాకి దీపాన్ని అందుకుంది. పగటి వెలుతురులో ఆ మంట సరిగా కనిపించదు. చొక్కా చేతికి అంటుకున్నాక గాని ఆయనకు తెలియలేదు. పిల్లలు దూరంగా ఉండడం అదృష్టం. అందుకని నీళ్లు విడిగా మరిగించి, ఆకును అందులో మెత్తబరిచి, దీపం ఆర్పిన తరువాతే స్పిరిట్ సీసా మూత తీయాలి. స్పిరిట్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి, ఆకూ స్పిరిట్టూ ఉన్న పరీక్షనాళికను ఆ వేడినీళ్లలో నిలబెడితే చాలు, మంట అక్కరలేదు. అంత తెలిసినదానివి నీకు ఇది చెప్పాలా అని విసుక్కోకు; ఆ మాస్టారికీ తెలుసు. పాలిపోయిన ఆకును గోరువెచ్చని నీటిలో కడిగి అయోడిన్ చుక్కలు వేయగానే నల్లని నీలం పాకుతుంటే వెనక బెంచీ పిల్లలు కూడా లేచి ముందుకు వస్తారు. ఆ ముఖాలు చూడడానికి నేను కూడా అక్కడ ఉంటే బాగుండునని ఉంది.

ఇక బోధనలో ఒక పాత పొరపాటు ఉంది, దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని తరతరాలుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నారు. రాత్రి చింతచెట్టు కింద పడుకోకూడదనే ఇంటిమాట దానికి తోడవుతుంది. దాంతో పగటిపూట మొక్కకు శ్వాసే లేదని పిల్లలు అనుకుంటారు, పరీక్షలో అదే రాస్తారు, పెద్దయ్యాక తమ పిల్లలకూ అదే చెబుతారు. నిజానికి బతికి ఉన్న ప్రతి కణమూ రాత్రింబవళ్లు శ్వాసిస్తూనే ఉంటుంది. మంచి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా సాగడం వల్ల ఆకు నుంచి ఆక్సిజన్ బయటికి వస్తున్నట్టు కనిపిస్తుంది, అంతే. ఆకు ఆక్సిజన్ వదలడానికి వెలుతురు కావాలని 1779లో చూపిన డచ్ శాస్త్రవేత్త ఇంగెన్‌హౌజే పువ్వులూ పండ్లూ పగలు కూడా గాలిని చెడగొడతాయని, అంటే మన మాటలో శ్వాసిస్తాయని, గమనించాడు. మనవాళ్లు ఆయన చెప్పినదానిలో సగమే పట్టుకున్నారు.

ఒకసారి నేను ఈ పాఠం చెబుతుండగా ఒక రైతు బిడ్డ లేచి, "టీచర్, వేళ్లు మట్టిలో ఉంటాయి కదా, వాటికి ఎప్పుడూ రాత్రే కదా?" అని అడిగింది. ఆ వానాకాలం వాళ్ల మిరపతోటలో నీళ్లు నిలిచి మొక్కలు వడలిపోయాయట. నీళ్లు నిండుగా ఉన్నా మొక్క ఎందుకు వాడిందన్నది ఆ పిల్లకు అంతుపట్టలేదు. మట్టిలోని గాలి ఖాళీలను నీరు నింపేస్తే వేళ్లకు ఆక్సిజన్ అందదని, శ్వాస లేక శక్తి పుట్టదని, అప్పుడు వేరు నీటిని కూడా సరిగా తీసుకోలేదని ఆ గంటంతా చెప్పాను. ఆ శక్తిని మోసే ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని కూడా పిల్లలకు చెప్పు. మనవాడని తెలిస్తే వాళ్లకు ఆ అణువు మీద ఆసక్తి కలుగుతుంది.

కాబట్టి ఆకు పరీక్ష చేసిన మరునాడే, పట్టపగలు, మొలకెత్తిన పెసలను థర్మాస్ ఫ్లాస్కులో పోసి ఉష్ణమాపకం పెట్టించు. పక్కన మరో ఫ్లాస్కులో ఉడికించి చల్లార్చిన పెసలు ఉంచు. అవి కుళ్లితే సూక్ష్మజీవుల శ్వాస వల్ల వేడి పుడుతుంది కనుక రెండింటినీ ముందే క్రిమిసంహారక ద్రవంలో కడగడం మరిచిపోకు. మరో సీసాలో మొలకల మధ్య చిన్న గిన్నెతో సున్నపుతేట పెట్టి మూత బిగిస్తే, మొలకలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల అది తెల్లబడుతుంది. ఈ రెండూ చూశాక నువ్వు చెప్పకుండా పిల్లల చేతనే కారణం చెప్పించు. తప్పు చెప్పినా వెంటనే దిద్దకు.

బడిలో ఫ్లాస్కులు లేకపోతే మన ఇంట్లో రెండు ఉన్నాయి, మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను. వేళకు తిను. చీర కొంగు నడుముకు దోపుకోకుండా దీపం దగ్గరికి వెళ్లకు.

ఇట్లు,
నీ పెద్దమ్మ