రాక్ పాట మీద తెలుగు వికీ వ్యాసం నాలుగు లైన్ల దగ్గరే ఆగిపోతే

పాత ఇంగ్లీషు రాక్ పాట మీద తెలుగు వికీపీడియాలో వ్యాసం మొదలుపెట్టాను, నాలుగు లైన్లయ్యాక ఏం రాయాలో తోచలేదు అని మీరు ఇక్కడ అడిగారు. నేనూ సరిగ్గా అక్కడే ఆగాను. మాది కావలి. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందం పాట 'బొహీమియన్ రాప్సోడీ' గురించి నా ప్రయోగశాల పేజీలో (వికీలో చిత్తుగా రాసుకునే పేజీ) రాసుకున్నాను. 'అద్భుతం', 'అజరామరం' లాంటి మాటలు కొట్టేస్తే మిగిలింది ఇంతే: 1975 అక్టోబరు 31న విడుదల, నిడివి 5 నిమిషాల 55 సెకన్లు, బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో 9 వారాలు మొదటి స్థానం, 1991లో బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయాక మళ్లీ మొదటి స్థానం. అదంతా వ్యాసం పక్కన ముఖ్య వివరాలు పెట్టే సమాచారపెట్టెలో పట్టేస్తుంది.

వ్యాసం కదిలింది మా నాన్న వల్ల. ఆయనకు ట్రంకు రోడ్డులో క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. పాట మధ్యలో ఒపేరా తరహాలో సాగే భాగం గురించి 'ఒపేరా భాగంలో గొంతులను ఓవర్‌డబ్ చేశారు' అన్న నా వాక్యం చదివి, "ఓవర్‌డబ్ అంటే ఎవురికి తెలస్తాదబ్బయా?" అన్నాడు. ముందు రికార్డు చేసినదానికి తోడుగా మళ్లీ పాడి కలపడమే ఓవర్‌డబ్. అటక మీంచి పాత డెక్కు దించి, ఒక పాటను ఒక క్యాసెట్లోంచి రెండోదానిలోకి, అందులోంచి మూడోదానిలోకి ఎక్కించి వినిపించాడు. మూడోదాంట్లో పాట వెనక సుయ్‌మనే రొద పాటతో సమానంగా ఉంది. క్వీన్ వాళ్ల తంటా ఏమిటో నాకప్పుడు అర్థమైంది. వాళ్లది 24 ట్రాకుల టేపు, అంటే ఒకే టేపు మీద పక్కపక్కనే 24 వరసల్లో విడివిడిగా రికార్డు చేయొచ్చు. అది నిండగానే కొన్ని ట్రాకులను కలిపి ఒకటి రెండింటిలోకి ఎక్కించి, ఖాళీ అయినచోట మళ్లీ పాడారు. పాడింది బృందంలోని మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్ ముగ్గురే. ఇది విడమరిచి చెప్పకపోతే, ఏదో పెద్ద కోరస్‌ను పిలిపించి పాడించారని చదివేవాళ్లు అనుకుంటారు.

తిప్పి తిప్పి టేపు 'పాడైంది' అని రాశాను. నాన్న దాన్ని కొట్టేసి 'అరిగింది' అని దిద్దాడు. టేపును చదివే హెడ్డుకు రాసుకుని రాసుకుని టేపు మీది గోధుమరంగు పూత రాలిపోతుంది. ఈ పాట టేపు వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వైపు కనిపించేంతగా అరిగిందని మే చెప్పాడు. ఇలాంటివి మాత్రం మీ మాటగా రాయకండి. 'మే చెప్పిన ప్రకారం' అని రాసి, పక్కనే మూలం ఇవ్వండి. 180 సార్లు ఓవర్‌డబ్ చేశారన్న అంకె విషయంలోనూ అంతే, ఎవరి లెక్కో చెప్పాల్సిందే. మా నాన్న అనుభవం కూడా వికీకి మూలం కాదు. ఆయన నాకు సరైన మాట ఇచ్చాడు, విషయానికి మాత్రం పుస్తకమే చూపించాలి.

పాట మొత్తానికి తెలుగు అనువాదం కూడా పెట్టాను. అది కాపీహక్కుల ఉల్లంఘన అవుతుందని ఒక నిర్వాహకుడు చర్చ పేజీలో మర్యాదగా రాస్తే తీసేశాను. మీరు అటు పోకండి. మెర్క్యురీ జాంజిబార్‌లో పుట్టి మన పంచగనిలో చదువుకున్నాడని మురిసిపోయి ఒక పేరా రాసుకున్నాను కానీ, అది ఆయన పేజీలో ఉండాల్సిన సంగతి. ఇక్కడికి ఒక వాక్యం, ఒక లింకు చాలు.

మీ పాట ఏదో మీరు చెప్పలేదు. అది స్టూడియోలో ఎలా తయారైందో వివరించే పుస్తకం ఒకటి సంపాదించి, ముందు 'రికార్డింగ్' విభాగం రాయండి. ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రానువాదంలో వేసి తెచ్చి పెట్టకండి, దాన్ని శుద్ధి చేయడానికి పట్టే టైములో కొత్తగా రాసేయొచ్చు. మీ ప్రయోగశాల పేజీ లింకు ఇక్కడ పెడితే చదువుతాను. టేపు సంగతులుంటే నాన్నకూ చూపిస్తాను.