ఓర్కాల పడవ ఎక్కే ముందు

చి. సౌ. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. అక్కయ్యా బావగారూ జులైలో రెడ్మండ్ వస్తున్నారని, వాళ్ళని వాషింగ్టన్ రాష్ట్రంలోని శాన్ వాన్ దీవుల వైపు ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అనే నలుపూ తెలుపూ తిమింగలాలు) చూడ్డానికి తీసుకెళ్దామనుకుంటున్నావని రాశావు. టికెట్లు కొనకముందే అడిగావు, మంచి పని చేశావు. ఈ ప్రయాణం చెడితే చాలావరకు టికెట్టు దగ్గరే చెడుతుంది.

పడవలు రెండు రకాలు. ఒకటి జోడియాక్ అనే గాలి రబ్బరు పడవ. ఒళ్ళంతా కప్పే దళసరి సూటు తొడిగి, గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోబెడతారు. నీళ్ళకి దగ్గరగా, వేగంగా పోతుంది, కుర్రాళ్ళకి సరదాగానే ఉంటుంది. కానీ అల తగిలినప్పుడల్లా ఆ దెబ్బ తిన్నగా నడుముకి వస్తుంది. బాత్రూమ్ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న అక్కయ్యకీ, గంటకోసారి లేచే బావగారికీ, నీ నాలుగేళ్ళ చిన్నదానికీ అది పనికిరాదు. గర్భిణులనైతే వాళ్ళే ఎక్కించుకోరు. అద్దాల గది, బాత్రూమ్, కూర్చోడానికి బెంచీలు ఉన్న పెద్ద పడవ చూడు. ఎక్కాక ముందు కొసన చోటు దొరికింది కదా అని పెద్దవాళ్ళని అక్కడ కూర్చోబెట్టకు. అలకి ఎక్కువ ఎగిరిపడేది ఆ కొసే. కింది అంతస్తులో, పడవ నడిమధ్యన కుదుపు తక్కువ.

"గ్యారంటీ" అన్న మాట చూసి మురిసిపోకు. జంతువులు కనబడకపోతే డబ్బు వాపసు ఇస్తారని దాని అర్థం కాదు, చాలాచోట్ల ఇంకోసారి రావడానికి ఉచిత టికెట్ ఇస్తారు, అంతే. అందులోనూ "తిమింగలం కనిపిస్తుంది" అని రాసి ఉంటే, ఓర్కా కాకుండా ఒక్క మింకీ తిమింగలం వీపు కనబడినా వాళ్ళ మాట చెల్లినట్టే. ఆగస్టులో తిరిగి వెళ్ళిపోయే వాళ్ళకి ఆ ఉచిత టికెట్ దేనికి? అందుకే అక్కయ్య వాళ్ళు దిగిన మొదటి రెండు వారాల్లోనే పెట్టుకో, అవసరమైతే రెండోసారి వెళ్ళడానికి వ్యవధి ఉంటుంది. జెట్ లాగ్ తీరడానికి మాత్రం ఒక వారం ఆగు.

పడవలు బయల్దేరే ఊళ్ళలో ఎడ్మండ్స్ నీకు దగ్గర, ఆనకోర్టెస్ గంటన్నర డ్రైవ్. ఎక్కడ ఎక్కాలన్న దాని మీద మరీ తర్జనభర్జన పడొద్దు. ఓర్కాలు ఒక్క రోజులో వంద మైళ్ళు తిరగగలవు, నిన్న కనిపించిన చోట ఇవాళ ఉండాలని లేదు. పడవల వాళ్ళు ఒకరికొకరు కబురు చెప్పుకుంటూ వెతుకుతారు. ఆనకోర్టెస్ నుంచి వెళ్తే దీవుల మధ్య గడిపే సమయం ఎక్కువ, ఎడ్మండ్స్ నుంచైతే కారులో గడిపే సమయం తక్కువ. చిన్నది కారులో ఎంతసేపు ఓపిక పడుతుందో నీకే తెలుసు.

అక్కయ్య వాళ్ళకి ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఆ సముద్రంలో తిరిగే ఓర్కాలు రెండు తెగలు. ఒక తెగ సాల్మన్ చేపల మీద, అందులోనూ ముఖ్యంగా చినూక్ సాల్మన్ మీద బతికేవి. వీటిని సదరన్ రెసిడెంట్స్ అంటారు. జే, కే, ఎల్ అని మూడు గుంపులు, అన్నీ కలిపి డెబ్బై అయిదుకి అటూఇటూ మిగిలాయి. 1960లు, 70లలో ఆక్వేరియంల కోసం పిల్లల్ని పట్టుకుపోవడం వీటికి తగిలిన మొదటి పెద్ద దెబ్బ, ఆ తర్వాత చినూక్ తగ్గిపోవడం ఇంకో దెబ్బ. 2005లో అమెరికా ప్రభుత్వం వీటిని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. 2018లో చనిపోయిన బిడ్డని పదిహేడు రోజులు మోసుకు తిరిగిన జే35 అనే తల్లి ఈ తెగదే. ఒకప్పుడు వేసవంతా ఆ దీవుల చుట్టూనే ఉండేవి, ఇప్పుడు రావడం బాగా తగ్గింది. రెండో తెగ బిగ్స్ ఓర్కాలు. సీల్స్‌నీ, సీ లయన్స్‌నీ, డాల్ఫిన్ లాంటి పోర్పాయిస్‌లనీ వేటాడి తింటాయి. తిండికి లోటు లేదు కాబట్టి వాటి సంఖ్య పెరుగుతోంది. నువ్వు పడవ మీంచి చూడబోయేవి దాదాపు ఇవే.

దూరం సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం రెసిడెంట్స్‌కి ఏ పడవైనా వెయ్యి గజాల దూరంలో ఉండాలి. అవి శబ్దం వదిలి, దాని ప్రతిధ్వని విని చేపని వెతుకుతాయి. ఇంజన్ల మోత అందులో కలిస్తే చేప దొరకదు. బిగ్స్ ఓర్కాలకైతే పక్క నుంచి రెండు వందల గజాలు, వాటి దారికి ఎదురుగానైతే నాలుగు వందల గజాలు వదలాలి. అంటే ఫోటోల్లో చూసినట్టు పక్కనే ఉండవు. మంచి కెప్టెన్ వెనక నుంచి తరుముకెళ్ళడు. పక్కగా, వాటితో సమానంగా, నెమ్మదిగా నడుపుతాడు. అవే దగ్గరికి వస్తే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి ఊరుకుంటాడు. కొనే ముందు ఫోన్ చేసి "మీరు ఎంత దగ్గరికి తీసుకెళ్తారు?" అని అడుగు. గజాల లెక్క చెప్పి, పడవలో జంతువుల గురించి వివరించే నేచురలిస్ట్ ఉంటారని చెప్పేవాళ్ళ దగ్గర కొను. "చాలా దగ్గరికి!" అని ఊరించేవాళ్ళని వదిలెయ్.

జులైలో పొద్దుటి పడవ నయం. వాన్ డి ఫూకా జలసంధిలో మధ్యాహ్నం దాటాక పడమటి గాలి లేస్తుంది, ఆ గాలికి ఎదురుగా ఆటు నీరు (సముద్రంలోకి వెనక్కి తీసే నీరు) వస్తే అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేచి పడవని కుదిపేస్తాయి. ఆగస్టు అయితే పొద్దున పొగమంచు పట్టేస్తుంది, అప్పుడు మధ్యాహ్నమే మేలు. బట్టల విషయంలో అక్కయ్య మాట వినకు. రెడ్మండ్‌లో ఎండ చూసి చీర మీద శాలువా చాలంటుంది. నీళ్ళ మీద చలి వేరు, పడవ కదిలితే ఇంకా వేరు. లోపల ఒక ఉన్ని స్వెటర్, పైన గాలి చొరని జాకెట్, చెవులు కప్పే టోపీ, జారని బూట్లు. చీర కుచ్చిళ్ళు ఇనప మెట్ల మీద కాళ్ళకి అడ్డం పడతాయి, ఆ ఒక్కరోజుకీ ప్యాంటో సల్వారో వేసుకోమని బతిమాలు.

కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే లాభం లేదు. మెక్లిజిన్ 25 మిల్లీగ్రాములది పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. అది మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది, కాస్త మగతగా ఉంటుంది. బావగారికి ప్రోస్టేట్ మందులో, కంట్లో నీటి ఒత్తిడికి చుక్కలో నడుస్తుంటే డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. చిన్నదానికి ఇచ్చేదేదైనా సరే, పిల్లల డాక్టర్ని అడిగే ఇవ్వు. ఇండియా నుంచి అవోమిన్ తెచ్చుకుంటారు, అదీ కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రే, రెండూ కలిపి వేసుకోకుండా చూడు. ఖాళీ కడుపుతో ఎక్కినా తిప్పుతుంది, పూరీలు తిని ఎక్కినా తిప్పుతుంది. రెండు ఇడ్లీలు చాలు. పెరుగన్నం డబ్బా వెంట ఉంచు, బావగారికి షుగరు కదా. తల తిరిగినట్టుంటే గదిలోకి పోయి ఫోన్ చూడకుండా, బయట నిలబడి నీరూ ఆకాశం కలిసేచోట చూపు నిలపమను.

ఇక చూడ్డం. "మూడు గంటల వైపు!" అని కేక వినిపిస్తే టైము చూసుకోవద్దు. పడవ ముందు కొస పన్నెండు, వెనక ఆరు, కుడి చెయ్యి మూడు. ముందు కళ్ళతో వెతకాలి, దొరికాకే బైనాక్యులర్స్. అవి 7×50 గానీ 8×42 గానీ చాలు. పదింతలవైతే ఊగే పడవలో చేతి వణుకు కూడా పదింతలే. నల్లటి ఒడ్డుకి అడ్డంగా తెల్లటి ఆవిరి చిమ్మితే అది ఊపిరి, మిగతాది తర్వాత బయటికొస్తుంది. ఆరడుగుల దాకా నిటారుగా లేచే రెక్క పెద్ద మగదానిది. అందులో సగమే ఉండి, వెనక్కి వంగిన రెక్క ఆడదానిదో, ఇంకా ఎదగని పిల్లదో. బిగ్స్ ఓర్కాలు నాలుగైదుసార్లు వరసగా ఊపిరి తీసుకుని, అయిదారు నిమిషాలో ఇంకా ఎక్కువో మునిగిపోతాయి. జనం అప్పుడే విసుగెత్తి గదిలోకి పోతారు. నువ్వు పోకు. మునిగినచోట కాదు, అవి వెళ్తున్న దిక్కున నాలుగైదు వందల గజాల ముందు చూస్తూ ఉండు.

వేట జరగొచ్చు. ఒకేచోట సుళ్ళు తిరగడం, హఠాత్తుగా దిక్కు మార్చుకోవడం, పైన సీగల్స్ గుమిగూడి నీళ్ళ మీదికి వాలడం, కాసేపటికి నూనె తేలినట్టు నీరు నున్నగా మెరవడం, అంటే సీల్ అయిపోయిందన్నమాట. చిన్నదానికి ముందు రోజే చెప్పి ఉంచు. అక్కడ తెలిస్తే ఏడుస్తుంది, ఇంట్లో తెలిస్తే ప్రశ్నలడుగుతుంది.

ఫోటోలకి షట్టర్ సెకనుకి వెయ్యో వంతు లేదా ఇంకా వేగం పెట్టి, వరసగా తియ్యి. ఫోన్‌తో జూమ్ చేసి తీస్తే నల్ల చుక్కే వస్తుంది, వీడియో నయం. వీలైతే ఎడమ పక్క నుంచి రెక్కా, దాని వెనకున్న బూడిదరంగు మచ్చా పడేలా తియ్యి. 1970లలో కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ ఆ రెక్కల గాట్లు, మచ్చలు చూసే ఒక్కొక్క జంతువునీ గుర్తుపట్టే పద్ధతి తెచ్చాడు, ఆ తెగకి ఆయన పేరే పెట్టారు. ఇప్పటికీ అలాగే గుర్తుపడతారు. టీ65 అని నంబరు ఉన్నదాని బిడ్డ టీ65ఏ, దాని బిడ్డ టీ65ఏ1. వంశమంతా తల్లి వైపే. ఇది అక్కయ్యకి చెప్పు, బావగారి ముందు.

ఓర్కాలు రాని గంటల్లో కూడా చూడాల్సినవి ఉన్నాయి. రాళ్ళ మీద స్టెల్లర్ సీ లయన్స్, ఎర్రకాళ్ళ గిల్లెమాట్ పిట్టలు, స్మిత్ దీవి వైపు వెళ్తే పఫిన్ పిట్టలు. వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు బాగానే కనిపిస్తాయి.

గాలి ఎక్కువై పడవ రద్దయితే, ఫెర్రీలో శాన్ వాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్ వెళ్ళి, అక్కడి నుంచి కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న లైమ్ కిల్న్ పార్కుకి వెళ్ళండి. ఒడ్డున రాళ్ళ మీంచే ఓర్కాలు కనిపించే చోటది, పెద్దవాళ్ళకి హాయి. పార్కింగ్‌కి డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల పాస్) కావాలి. కారుతో ఫెర్రీ ఎక్కాలంటే ఆనకోర్టెస్‌లో వేసవిలో రిజర్వేషన్ లేకపోతే చోటు దొరకడం కష్టం. అన్నీ ఒక్కసారే వదలరు. ప్రయాణానికి రెండు వారాల ముందూ, రెండు రోజుల ముందూ పొద్దున ఏడింటికి మళ్ళీ కొన్ని వదుల్తారు. మొదట దొరక్కపోతే ఆ ఏడింటికి కంప్యూటర్ ముందు కూర్చో. ప్రయాణం రోజు ముప్పావుగంట ముందే అక్కడ ఉండండి.

ఆశీస్సులతో,
మీ మామయ్య