పాత కార్ల మోజులో పడ్డ మనవడి గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను తల్లీ. బాబుకి పదహారేళ్లు నిండి లైసెన్సు చేతికొచ్చిందనీ, వచ్చిన దగ్గర్నుంచి పాత కారు కొనిపెట్టమని కూర్చున్నాడనీ, రోజూ రాత్రి హాట్ రాడ్ (పాత కారుని మార్చి వేగం పెంచిన బండి) సినిమాలే చూస్తున్నాడనీ, నీకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదనీ చెప్పావు. అల్లుడేమో నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుందంటున్నాడట. తగ్గదు. ఈ మోజు నన్ను పట్టుకుని యాభై ఏళ్లు దాటింది, ఇంకా అలాగే ఉంది. తగ్గాల్సిన అవసరం కూడా లేదు. వద్దని మాత్రం అనకు. వద్దంటే వాడు నీకు తెలియకుండా చూస్తాడు, నీకు తెలియకుండా ఎవడి కారో ఎక్కుతాడు. అప్పుడు మంచీ చెడూ చెప్పడానికి పక్కన మనం ఉండం.

ముందు వాణ్ణి కూర్చోబెట్టి, ఆ సినిమాల్లో నీకు ఏం నచ్చిందిరా అని అడుగు. పందేలు నచ్చాయన్నా కంగారుపడకు, ఆ వయసులో అందరి కళ్లూ ముందు అక్కడికే పోతాయి. కానీ ఆ రోజుల్లో పిల్లలు చేసిన అసలు పని పందెం కాదు. కారులో నెమ్మదిగా, ఎక్కడికీ పోకుండా, ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరగడం. దాన్నే క్రూజింగ్ అన్నారు. ఆ నెమ్మదితనం వాడికి రుచి చూపించగలిగితే నీ భయంలో సగం పోతుంది. ఈ ఉత్తరమంతా దాని గురించే.

1973లో ‘అమెరికన్ గ్రాఫిటీ’ వచ్చింది. నేను చదువుకోసం కాలిఫోర్నియాలో దిగిన ఏడాదే అది. 1962 వేసవి చివర, కాలిఫోర్నియాలోనే ఉన్న మొడెస్టో ఊళ్లో, ఒక్క రాత్రి కథ. తీసిన జార్జ్ లూకస్ ఆ ఊరి కుర్రాడే. హాల్లో నా చుట్టూ ఉన్నవాళ్లు నా ఈడువాళ్లే, పదకొండేళ్ల కిందటి సంగతికి ముసలివాళ్లలా కళ్లు తుడుచుకున్నారు. నాకప్పుడు అర్థం కాలేదు. ఆ పదకొండేళ్లలో కెనెడీ హత్య జరిగింది, వియత్నాం జరిగింది. సినిమా వచ్చిన కొద్ది నెలలకే అరబ్ దేశాలు చమురు ఆపేశాయి, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. గాలన్ల కొద్దీ పెట్రోలు పోసుకుని ఊరికే తిరిగిన కాలం మళ్లీ రాదని ఆ క్యూలో నిలబడ్డప్పుడు తెలిసొచ్చింది.

తరవాత నాకు ఉద్యోగం మొడెస్టో దగ్గరే, టమాటాలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో వచ్చింది. అందువల్ల మెక్‌హెన్రీ ఎవెన్యూ మీద క్రూజింగ్ కళ్లారా చూసే భాగ్యం దక్కింది. వేసవిలో శుక్రవారం, శనివారం పొద్దుగూకి ఎండ వేడి తగ్గాక మొదలయ్యేది. రెండు లైన్లూ నిండిపోయేవి, నడిచేవాడు కారుని దాటిపోయేంత నెమ్మదిగా కదిలేవి. అద్దాలన్నీ దించి ఉండేవి. అందరి రేడియోలోనూ ఒకే స్టేషన్, అంచేత ఒక కారులో మొదలైన పాట పక్క కారులో, దాని వెనక కారులో సాగుతూ పోయేది. సిగ్నల్ దగ్గర ఒక కారులో అమ్మాయి ఫ్రెంచ్ ఫ్రైస్ పొట్లం పక్క కారు కిటికీలోకి అందించేది, గ్రీన్ పడ్డాక ఇద్దరూ చెయ్యి చాపుకునే కొంతదూరం కదిలేవాళ్లు. రోడ్డు చివరికి పోయి తిరిగి వచ్చేవాళ్లు. మన తిరునాళ్లలో జనం ఎలా తిరుగుతారో అదీ అంతే, చేరాల్సిన చోటంటూ ఏదీ లేదు, కనబడటం, చూడటం, పలకరించుకోవడం. తొంభైలలో గొడవలవుతున్నాయని ఊరువాళ్లు ఆపేశారు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. గొడవ చేసే పదిమందిని పట్టుకోవాలి గానీ వేలమంది పిల్లలు ఒకరినొకరు కలిసే చోటు మూసేస్తారా?

ఇక సినిమాలు. వాణ్ణి ఒంటరిగా చూడనివ్వకు, నువ్వూ పక్కన కూర్చో. ‘అమెరికన్ గ్రాఫిటీ’తోనే మొదలుపెట్టు. చివర్లో తెల్లవారుతుండగా ప్యారడైజ్ రోడ్డు మీద పసుపు పచ్చటి 1932 ఫోర్డుకీ, నల్లటి 1955 షెవీకీ (షెవ్రొలే కారుకీ) పందెం జరుగుతుంది. ఎంతసేపు పట్టిందో వాణ్ణి గమనించమను. రాత్రంతా నడిచిన కథలో పందెం క్షణాల్లో అయిపోతుంది. షెవీ పల్టీ కొట్టి తగలబడుతుంది. గెలిచిన జాన్ మిల్నర్, అతని స్నేహితుడు పొగుడుతుంటే, వాడే నన్ను దాటేస్తున్నాడు, నేను ఓడిపోయేవాణ్ణి అంటాడు. ఆ మాట దగ్గర సినిమా ఆపి వాడితో మాట్లాడు. ఆ తరవాత ఎవరేమయ్యారో నాలుగు ముక్కల్లో చెబుతారు. మిల్నర్‌ని 1964 డిసెంబరులో తాగి నడిపే ఎవడో గుద్ది చంపుతాడు. ఆ అక్షరాలు చదవకుండా వాణ్ణి లేవనివ్వకు.

లూకస్ సంగతి కూడా చెప్పు. 1962 జూన్‌లో, హైస్కూల్ పట్టా తీసుకోవడానికి కొద్ది రోజుల ముందు, బియాంకినా అనే చిన్న ఇటాలియన్ కారులో ఇంటికి పోతూ ఎడమకి తిరుగుతుంటే ఇంకో కుర్రాడి కారు వచ్చి గుద్దింది. సీటు బెల్టు తెగి బయట పడ్డాడు, కారు వెళ్లి చెట్టుకి కొట్టుకుంది. రేసు డ్రైవర్ అవుదామనుకున్న పిల్లవాడు ఆస్పత్రి మంచం మీద ఆ ఆలోచన మానుకున్నాడు.

దాని తరవాత ‘టూ-లేన్ బ్లాక్‌టాప్’, 1971ది. అందులో వాడిన 1955 షెవీల్లో ఒకదానికే నల్ల రంగు వేసి ‘గ్రాఫిటీ’లో పెట్టారు, ఆ ముక్క చెబితే వాడు ఎగిరి గంతేస్తాడు. మూడోది ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’, 1955. కొండ అంచు వైపు కార్లు తోలి ముందు ఎవడు దూకితే వాడు పిరికివాడనే పందెం అందులో ఉంది. ఒక కుర్రాడి జాకెట్ చెయ్యి తలుపు పిడికి తగులుకుని దూకలేకపోతాడు. హీరో జేమ్స్ డీన్ ఆ సినిమా విడుదలకి నెల ముందే, సెప్టెంబరు 30న, తన పోర్షేలో పోతూ చనిపోయాడు. యాభైలలో డ్రైవ్-ఇన్ థియేటర్ల కోసం చవగ్గా తీసిన హాట్ రాడ్ సినిమాలు బోలెడున్నాయి, వాటి పోస్టర్లు చూసి హడలిపోకు, లోపల అంత సరుకు లేదు, చూడనివ్వు.

హాట్ రాడ్ అంటే ఏమిటని అల్లుడు అడిగాడని చెప్పావు. 1932లో ఫోర్డ్ మామూలు మనిషి కొనగలిగే కారులో వీ-8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టింది. అవి పాతబడి చవకయ్యాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు కొని, మడ్‌గార్డులు పీకి, టాపు కోసి కిందికి దించి, ఇంజన్‌కి అదనపు కార్బురేటర్లు బిగించి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద పరిగెత్తించారు. యుద్ధం అయ్యాక ఇది వీధుల్లోకి వచ్చి ప్రాణాలు పోతుంటే, 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి పందేన్ని ట్రాకు మీదికి మళ్లించాడు. బాబుకి వేగం తప్పనిసరిగా కావాలంటే దారి అదే. సొనోమా రేస్‌వేలో బుధవారం రాత్రుళ్లు మామూలు కార్లకి డ్రాగ్ రేసులు (తిన్నటి ట్రాకు మీద కొద్ది దూరం పందేలు) పెడతారు, నువ్వు సంతకం పెట్టి తీసుకెళ్లు, హెల్మెట్ పెట్టించి, అంబులెన్స్ పక్కనుండగా పరిగెత్తిస్తారు.

వీధిలో మాత్రం ఒక్కసారి కూడా ఒప్పుకోకు. పట్టుబడితే కారు ముప్పై రోజులు పోలీసుల దగ్గరే ఉంటుంది. సైడ్‌షోలంటూ కూడలిలో కార్లు గిర్రున తిప్పే చోటుకి స్నేహితులు రమ్మంటారు, మీ శాన్ హోసేలో చూడటానికి వెళ్లి నిలబడినా నేరమే. ఇది వాడికి స్పష్టంగా చెప్పు.

ఇంకో సంగతి నీకు ఉపయోగపడుతుంది. లైసెన్సు వచ్చిన మొదటి పన్నెండు నెలలు రాత్రి 11 నుంచి పొద్దున్న 5 దాకా వాడు ఒంటరిగా నడపకూడదు, ఇరవై ఏళ్లలోపు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. పాతికేళ్లు నిండిన లైసెన్సున్న మనిషి పక్కనుంటే ఫరవాలేదు. అంటే ఈ ఏడాది వాడు రాత్రి 11 దాటాకో, స్నేహితులతోనో క్రూజింగ్‌కి పోవాలంటే నువ్వో అల్లుడో కారులో ఉండి తీరాలి. దీన్ని కాపలాలా చెయ్యకు. వెళ్లి కూర్చో, వాడి పాటలు విను, మన పాటలు కూడా పెట్టు. మీ ఇంటికి దగ్గర్లోనే స్టోరీ రోడ్, కింగ్ రోడ్ కలిసే చోట మెక్సికన్ కుటుంబాలు లోరైడర్లతో (నేలకి దగ్గరగా దించి అలంకరించిన కార్లతో) తరాలుగా తిరుగుతున్నాయి. తాత, కొడుకు, మనవరాలు ఒకే కారులో ఉంటారు. లోరైడర్ పత్రిక పుట్టిందే మీ ఊళ్లో, 1977లో. వాళ్లని ఆపాలని చేసిన నిషేధాన్ని శాన్ హోసే 2022లో ఎత్తేసింది, 2024 జనవరి నుంచి రాష్ట్రమంతటా ఊళ్లకి ఆ అధికారమే లేకుండా చట్టం చేశారు. ముందు రోడ్డు పక్కన నిలబడి చూడండి. వాళ్ల కార్లకి చెయ్యి తగిలించనివ్వకు, ఆ పెయింటు వెనక ఏళ్ల కష్టం ఉంటుంది. అడిగితే మాత్రం బానెట్ ఎత్తి మరీ చూపిస్తారు.

కారు విషయానికొస్తాను. 1932 ఫోర్డు జోలికి పోవద్దు, అసలు ఉక్కు బాడీది మన తాహతు కాదు, వీ-8 ఏదీ ఇప్పుడే వద్దు. 1968కీ 1975కీ మధ్య తయారైన ఆరు సిలిండర్ల కారు చూడండి. 1968 నుంచి ఈ దేశంలో ముందు సీట్లకి భుజం బెల్టు, గుద్దుకుంటే లోపలికి ముడుచుకునే స్టీరింగ్, రెండు విడి లైన్ల బ్రేకులు తప్పనిసరి చేశారు. అంతకు ముందు చాలా కార్లకి బ్రేకు ఆయిల్ ఒక్క చోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయేవి. 1975 దాకా తయారైనవాటికి కాలిఫోర్నియాలో స్మాగ్ టెస్టు (పొగ కాలుష్యం పరీక్ష) లేదు. డాడ్జ్ డార్ట్, ప్లిమత్ వాలియంట్‌లలో వచ్చిన స్లాంట్ సిక్స్ ఇంజన్ చాలా గట్టిది, వంపుగా కూర్చుంటుంది, పిల్లవాడు పనిచేసుకోవడానికి చోటుంటుంది. మామయ్య ఓటు దానికి.

చూడటానికి పోయినప్పుడు చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి తీసుకెళ్లు. మడ్‌గార్డు అంచుల వెంట, తలుపుల కింద, డిక్కీ చుట్టూ ఆనిస్తూ పో. ఇనుము ఉన్నచోట పట్టుకుంటుంది, తుప్పు తినేసి లప్పం నింపిన చోట జారిపోతుంది. కాళ్ల కింద కార్పెట్ ఎత్తి చూడు. బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి నిమిషంపాటు అలాగే ఉంచు, కాలు మెల్లగా లోపలికి దిగిపోతుంటే బ్రేకు ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పోయినట్టే. కాగితాల్లో నంబరూ కారు మీద నంబరూ అక్షరం అక్షరం సరిపోవాలి, ఒక్కటి తేడా ఉన్నా లేచి వచ్చెయ్.

బాబుకి ఇది ప్రత్యేకంగా చెప్పు. పాత కారుకి కష్టం వేగంలో లేదు, నెమ్మదిలో ఉంది. రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లారుస్తుంది. క్రూజింగ్‌లో గాలి తగలదు, ఫ్యాను లాగినంతే. జూన్‌లో మా మొడెస్టో వైపు లోయలో ఎండ 40 డిగ్రీలకి పోతుంది, కార్బురేటర్‌కి చేరేలోపే పైపులో పెట్రోలు ఆవిరై ఇంజన్ ఆగిపోతుంది. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే హీటర్ పూర్తిగా పెట్టి, అద్దాలు దించి, పక్కకి తీసి బానెట్ ఎత్తాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యకూడదు, మొహం కాలిపోతుంది. గంటసేపు ఆ రద్దీలో కారు ఆగకుండా, వేడెక్కకుండా నడపగలిగినవాడికి పని వచ్చినట్టు. పందెం గెలిచినవాడికంటే వాణ్ణి నేను ఎక్కువ గౌరవిస్తాను.

జూన్‌లో మొడెస్టోలో గ్రాఫిటీ ఉత్సవాలు జరుగుతాయి, పాత కార్ల ఊరేగింపు ఉంటుంది. కారు కొన్నా కొనకపోయినా రండి. 10, 11 వీధుల్లో పాత క్రూజింగ్ దారి వెంట పేవ్‌మెంటు మీద ఫలకాలు ఉన్నాయి, నడుచుకుంటూ చూద్దాం. పక్కన మడత కుర్చీలేసుకుని కూర్చున్న ముసలివాళ్లలో చాలామంది అప్పట్లో నిజంగా తిరిగినవాళ్లు. వాళ్లని ఎలా మొదలుపెట్టారో, మొదటి కారు ఏదో అడగమను. ఆ తరం వెళ్లిపోతోంది తల్లీ, వాళ్ల నోట వినే అవకాశం ఇంకెన్నాళ్లో ఉండదు.

డబ్బు మాట్లాడే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చెయ్. పాత కార్ల పాలసీల్లో చాలావాటికి డ్రైవర్‌కి కొన్నేళ్ల అనుభవం ఉండాలంటారు, పదహారేళ్ల పిల్లవాణ్ణి చేర్చుకోకపోవచ్చు, చేర్చుకున్నా ఎంత అడుగుతారో తెలియాలి. వాళ్లేమన్నారో నాకు చెప్పు, దాన్నిబట్టి ఎప్పుడు వెతకాలో చూద్దాం. కారు చూడటానికి పగటి పూటే పోవాలి, వాన పడుతుంటే మానెయ్యాలి, తడిసిన పెయింటు మీద సొట్టలు కనబడవు. ఇంజన్ ముందే వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాడికి ఫోన్లోనే చెప్పు, చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో నేను వినాలి.

మీ మామయ్య