మన దేశంలో ఉదారవాద ఆర్థిక ఆలోచనకు, అంటే ప్రభుత్వ కంట్రోళ్లు తగ్గించి సొంత ఆస్తికీ మార్కెట్‌కీ చోటివ్వాలన్న ఆలోచనకు, రాజకీయాల్లో, యూనివర్సిటీల్లో పట్టు ఎందుకు తగ్గింది?

నేను డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. నాకు అర్థమైనంతవరకు ఆ ఆలోచన వాదనలో ఓడిపోలేదు. దాని తరఫున జనంలోకి వెళ్లి ఓట్లడిగేవాళ్లే లేకుండా పోయారు.

ఒకప్పుడు ఉండేవాళ్లు. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సహకార సేద్యానికి, అంటే రైతుల పొలాలు కలిపి సాగు చేయడానికి, తీర్మానం చేసింది. అదే ఏడాది రాజాజీ, మీనూ మసానీలతో కలిసి మన నిడుబ్రోలు రంగా గారు స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు ఆయనే. రైతు పొలం రైతు చేతిలోనే ఉండాలన్న మాట పట్టుకుని ఊళ్లు తిరిగారు కాబట్టే, 1967లో లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. రాజులు, సంస్థానాధీశులు అందులో ఉన్న మాట నిజమే, ఆ ముద్ర పార్టీని బాగా దెబ్బతీసింది. 1971లో ఇందిర గాలికి 8 సీట్లే మిగిలాయి. 1974లో ఆ పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

ఆ తర్వాత వచ్చిన మార్పులేవీ జనాన్ని ఒప్పించి తెచ్చినవి కావు. 1991లో బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చిన పరిస్థితిలో పీవీ, మన్మోహన్ పరిశ్రమలకు లైసెన్సులు చాలావరకు ఎత్తేశారు. మంచి పనే చేశారు. కానీ గత్యంతరం లేక చేశామన్నట్టే అన్ని పార్టీలూ మాట్లాడాయి, ఇది సరైన దారి అని గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ. పంటను మార్కెట్ యార్డు బయట కూడా అమ్ముకోనిచ్చే 2020 వ్యవసాయ చట్టాలూ అంతే. ముందు ఆర్డినెన్సుగా వచ్చాయి, రైతుతో మాట్లాడిందెవరు? మరుసటి ఏడాదే వెనక్కి పోయాయి. పైగా 1989 నుంచి పార్టీ రిజిస్టర్ కావాలంటే సోషలిజానికి కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. స్వతంత్ర లాంటి పార్టీ ఇవాళ తన మాట దాచుకోకుండా రిజిస్టర్ అవడం కష్టం.

ఇక చదువుల సంగతి. రెండో పంచవర్ష ప్రణాళిక అనగానే మా పిల్లలు మహలనోబిస్ నమూనా, అంటే ముందు భారీ పరిశ్రమల్లో పెట్టుబడి పెట్టాలన్న లెక్క, గడగడా చెప్పేస్తారు. 1955లో ఆ ప్రణాళికపై వేసిన ఆర్థికవేత్తల ప్యానెల్‌లో బి.ఆర్.షెనాయ్ ఒక్కరే అసమ్మతి పత్రం రాశారు. లోటు బడ్జెట్‌తో ధరలు పెరుగుతాయనీ, కంట్రోళ్లు వద్దనీ హెచ్చరించారు. క్లాసులో అది చదివి వినిపిస్తే మొదట వచ్చే ప్రశ్న, "సార్, ఇది పరీక్షలో వస్తుందా?" రాదు. రాదు కాబట్టి నోట్సులో ఉండదు, నోట్సులో లేనిది రేపు లెక్చరర్ అయ్యే పిల్లాడికీ తెలియదు. రంగా గారి పేరు మీద వ్యవసాయ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్లని స్వతంత్ర పార్టీ గురించి అడిగి చూశాను, విన్నవాళ్లు దాదాపు లేరు.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే షెనాయ్ పత్రంతో మొదలుపెట్టండి. దాన్ని మహలనోబిస్ వాదనతో పక్కపక్కన పెట్టుకుని చదవండి.