స్కాలర్‌షిప్ కోసం లాక్రాస్ ఆడించొచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. పాప తొమ్మిదో గ్రేడ్, బాబు ఏడో గ్రేడ్. ఇద్దరినీ లాక్రాస్ (చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరే ఆట) క్లబ్బులో చేర్పించాం. పాప ఆలస్యంగా మొదలుపెట్టింది. కాలేజీ స్కాలర్‌షిప్ అమ్మాయిలకు తేలికా, అబ్బాయిలకా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. పైకి స్కాలర్‌షిప్ అంటారు గానీ లోపలి భయం వేరు. మార్కులు మన పిల్లలందరికీ వస్తున్నాయి, మా పిల్లను ఎవరు పట్టించుకుంటారు అని. ఆట లేకుండానే మంచి కాలేజీల్లో ఏటా ఎంతోమంది మన పిల్లలు చేరుతున్నారు. ముందు ఊపిరి పీల్చుకోండి.

అమెరికా కాలేజీ ఆటల పోటీలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పురుషుల లాక్రాస్ ఛాంపియన్‌షిప్ 1971లో మొదలైంది. తొలి ఫైనల్లో కార్నెల్ 12-6తో మేరీలాండ్‌ను ఓడించింది. 2025 ఫైనల్లోనూ మేరీలాండ్‌నే ఓడించి కప్పు పట్టుకెళ్లింది. అంత గొప్ప జట్టున్న కార్నెల్ ఐవీ లీగ్ (ఎనిమిది పేరున్న పాత యూనివర్సిటీల కూటమి) కాలేజీ కాబట్టి ఆట కోసమని ఒక్క డాలరూ ఇవ్వదు, కుటుంబ ఆదాయం చూసే సాయం చేస్తుంది. కప్పులు గెలిచే కాలేజీ అంటే డబ్బిచ్చే కాలేజీ అనుకునే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది.

అమ్మాయిల ఎన్‌సీఏఏ పోటీ 1982లో గానీ రాలేదు. అప్పుడు మసాచుసెట్స్ 9-6తో ట్రెంటన్ స్టేట్‌పై గెలిచింది. ఆ ట్రెంటన్ స్టేటే ఇప్పుడు మీ రాష్ట్రంలోని కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ. అది ఎన్‌సీఏఏలో మూడో అంచె అయిన డివిజన్ త్రీ, అక్కడా ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు.

పై అంచె అయిన డివిజన్ వన్‌లో 2025 వరకు అబ్బాయిల జట్టుకు 12.6, అమ్మాయిల జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్పులే గరిష్ఠం. వాటినే కోచ్ జట్టంతటికీ ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు చాలా కాలేజీలకు ఆ పరిమితి పోయింది గానీ బడ్జెట్లు పెరిగిపోలేదు. అమ్మాయిలకూ అబ్బాయిలకూ తేడా చాలా తక్కువమ్మా, దాన్ని చూసి పిల్లల దారి నిర్ణయించకండి. క్లబ్ ఫీజులు, హోటళ్లు, పెట్రోలు కలిపి ఎంతవుతోందో ఒకసారి రాసి చూసుకోండి.

కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరమంతా వెతికినా పాపకు ఈ ఆట ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. తొమ్మిదో గ్రేడ్ పిల్లను అడగకుండా శనాదివారాలన్నీ టోర్నమెంట్లకు రాసిచ్చేయడం న్యాయమేనా?

ఆలస్యమైందన్న బెంగ వద్దు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టును 2002లో మళ్లీ నిలబెట్టారు, 2005 నుంచి వరుసగా ఐదేళ్లు ఛాంపియన్ అయింది. డివిజన్ వన్ కాలేజీ కోచ్‌లు పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టేదే పదకొండో గ్రేడ్ సెప్టెంబర్ 1 నుంచి. ఈ వారమే పాపను కూర్చోబెట్టి అడగండి. ఇష్టమంటే కొనసాగించండి, వద్దంటే ఆ గంటలు తనకే వదిలేయండి. బాబు సంగతి ఇప్పుడే వద్దు, ఆడుకోనివ్వండి.